పరిశోధనలో తేలింది సరే, ఆ పేపరు నంబరు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పత్రిక మొదటి పేజీ నుంచి చివర ప్రింటరు పేరు దాకా రోజూ చదువుతాను గానీ, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. ఇది రాయించింది మా అక్క కొడుకు వాట్సాప్‌లో పంపిన ఒక ఫొటో.

అది పత్రిక కటింగ్. ఓ మూల పసుపు మరక. "తెల్ల గలిజేరుతో కిడ్నీలకు కొత్త ఊపిరి: పరిశోధనలో వెల్లడి" అని హెడ్డింగు. కిడ్నీలకు ఊపిరేమిటో నాకు తెలియదు, పోనివ్వండి. వార్త నాలుగు పేరాలు. ఆకు రసం పరగడుపున తాగితే క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) దిగుతుందని అందులో మూడు చోట్ల ఉంది. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ జర్నల్లో వచ్చింది, ఎంతమంది మీద చేశారు, అసలు మనుషుల మీదేనా అన్నది ఒక్క ముక్క లేదు. "నిపుణులు చెబుతున్నారు" అని మాత్రం ఉంది. పై భాగం చిరిగిపోవడంతో ఏ పత్రికో కూడా తెలియలేదు. మీదే అని నేను అనడం లేదు, కాదని అనడానికీ ఆధారం లేదు.

దాని కింద మావాడి వాయిస్ మెసేజ్. "పిన్నీ, నాన్న నెల్రోజుల్నుంచి ఇదే తాగుతున్నాడు. నువ్వు డాక్టర్ల లైబ్రరీలో చేశావు కదా, ఇది నిజమో కాదో కాస్త సూసి సెప్పు."

మాది ఉద్దానం. మా బావగారికి కొంచెం జీడి తోట, గట్ల మీద కొబ్బరి చెట్లు ఉన్నాయి. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారు. ఉద్దానం సంగతి మీ పాఠకులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా వీధికొకరైనా ఉంటారు. షుగరు, బీపీ లేనివాళ్ల కిడ్నీలు కూడా ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటరు వచ్చాయి. కారణం తెలియని జబ్బుతో ఉన్న ఊళ్లో ఎవరు ఏ ఆకు పేరు చెప్పినా వింటారు. నేను అక్కడే ఉంటే నేనూ వినేదాన్నేమో.

ఆ రాత్రి పబ్‌మెడ్ తెరిచాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వైద్యం మీద ప్రపంచంలో వచ్చే పరిశోధన పేపర్లకు అది పెద్ద చిట్టా. అమెరికా ప్రభుత్వపు నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది. 1997 జూన్ నుంచి అందరికీ ఉచితం. వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మూడున్నర కోట్లకు పైగా పేపర్ల వివరాలు అందులో ఉన్నాయి. ఎక్కువ వాటికి సారాంశం కనిపిస్తుంది, పూర్తి పేపరు కొన్నిటికే ఉచితంగా దొరుకుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. అందులో ఉన్నంత మాత్రాన ఆ పేపరు సరైనదని అమెరికా ప్రభుత్వం ముద్ర వేసినట్టు కాదు. మా కాలేజీలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లే "పబ్‌మెడ్‌లో ఉందండీ" అని ధీమాగా అనేవారు. టెలిఫోన్ డైరెక్టరీలో పేరున్న వాళ్లంతా మంచివాళ్లేనా?

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఇదంతా పుస్తకాల్లో ఉండేది. ఇండెక్స్ మెడికస్ అని పేరు. జాన్ షా బిల్లింగ్స్ అనే మిలటరీ డాక్టరు 1879లో మొదలుపెట్టాడు. నెలనెలా సంచికలు, ఏడాదికోసారి అవన్నీ కలిపిన లావు బౌండు పుస్తకాలు. పట్టుకుంటే మణికట్టు నొప్పెట్టేది. అక్షరాలు చీమల బారులా ఉండేవి, కాగితం పల్చగా, వేలు తడి చేసి తిప్పితే రెండు పేజీలు కలిసి వచ్చేసేవి. పీజీ చదివే డాక్టర్లు వచ్చి కూర్చుని ఒక్కొక్క రిఫరెన్సు చిన్న కార్డు మీద రాసుకునేవారు. ఆ కార్డు పైన కుడి మూల ఏ ఏడాది సంపుటం, ఏ హెడ్డింగు కింద చూశారో రాయమని మా సీనియర్ లైబ్రేరియన్ గారు పట్టుబట్టేవారు. "వెతికిన దారి రాయకపోతే వెతకనట్టే" అనేవారు ఆయన. పూర్తి పేపరు కావాలంటే ఢిల్లీలోని నేషనల్ మెడికల్ లైబ్రరీకి ఉత్తరం రాసి ఫొటోకాపీ కోసం ఎదురుచూడడమే. అచ్చు ఇండెక్స్ మెడికస్ 2004తో ఆగిపోయింది. పాత సంపుటాలను మావాళ్లు తూకానికి వేస్తుంటే ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు కుంకుడుకాయల డబ్బా కింద ఎత్తుకి ఉంది.

సరే, గలిజేరు. పబ్‌మెడ్‌కి తెలుగు రాదు, అక్కడ మొక్క శాస్త్రీయ నామం కొట్టాలి. కష్టం అక్కడే మొదలు. గలిజేరు అని మన ఊళ్లలో ఒకరు ట్రయాంథిమాను చూపిస్తారు, ఇంకొకరు పునర్నవ అని అటికమామిడిని, అంటే బోర్‌హావియాను చూపిస్తారు. కటింగ్‌లో ఏ మొక్కో లేదు. మా బావగారు ఏది పీకి తాగుతున్నారో ఫొటో తీసి పంపమన్నాను. వచ్చింది. నేల మీద పాకిన ఎర్రటి కాడలు, చిన్న గులాబీ పూలు. చూస్తే బోర్‌హావియా లాగే ఉంది. హెడ్డింగులో తెల్ల, పెరట్లో ఎర్ర.

ఇక స్పెల్లింగు. బోర్‌హావే అనే డచ్చి డాక్టరు పేరు మీద ఆ మొక్కకి పేరు పెట్టారు. కొందరు ఆ పేరులో 'ఎ' అక్షరం ఒకటే రాస్తారు, కొందరు రెండు రాస్తారు. పేపర్లలో రెండూ ఉన్నాయి. ఒక స్పెల్లింగుతో వెతికి ఊరుకుంటే రెండోదానితో రాసినవి తప్పిపోవచ్చు. అందుకని రెండు స్పెల్లింగులు, పునర్నవ అన్న మాట, మూడింటి మధ్యా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో 'ఆర్' (వీటిలో ఏది ఉన్నా సరే అని) పెట్టి అంతా ఒక బ్రాకెట్‌లో వేశాను. దానికి 'ఆండ్' (ఇదీ ఉండాలి, అదీ ఉండాలి అని) తగిలించి, రెండో బ్రాకెట్‌లో కిడ్నీ, రీనల్, క్రియాటినిన్, డయాలసిస్ అలాగే 'ఆర్'తో వేశాను. బ్రాకెట్లు మర్చిపోతే అది ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, మనం అడిగింది ఒకటి, వచ్చేది ఒకటి.

కొడితే రెండు పేపర్లు వచ్చాయి. రెండే! వెంటనే మావాడికి ఫోన్ చేసి "దీని మీద ఏమీ లేదురా" అనేశాను. పెట్టేశాక అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఊరుకోనివ్వదు. స్క్రీన్ ఎడమ పక్కకి చూస్తే 'ఒక సంవత్సరం' అన్న ఫిల్టరు మీద టిక్కు ఉంది. ఆ సాయంత్రం మోకాళ్ల నొప్పి గురించి వెతికినప్పుడు నేను పెట్టిందే. ఒకసారి పెట్టిన ఫిల్టరు మనం తీసేదాకా అలాగే ఉంటుంది, తర్వాత ఏం వెతికినా దాని గుండానే చూపిస్తుంది. ఈ సంగతి ఏటా కొత్త పీజీ బ్యాచ్‌కి మొదటి క్లాసులోనే చెప్పేదాన్ని! ఫిల్టరు తీసి మళ్లీ కొట్టాను. ఈసారి పేజీలకు పేజీలు వచ్చాయి.

గంటన్నర చదివాను. ఎక్కువగా ఎలకలు. జెంటామైసిన్ లాంటి మందులిచ్చి ఎలకల కిడ్నీలు పాడుచేసి, తర్వాత ఈ మొక్క సారం ఇచ్చి చూసినవి. మనుషుల మీద చేసినవీ కొన్ని ఉన్నాయి గానీ, నేను చూసిన వాటిల్లో ఆయుర్వేద మందులు నాలుగైదు కలిపి ఇచ్చారు. అందులో ఈ ఆకు వాటా ఎంతో విడదీసి చెప్పలేం. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఈ రసం ఒక్కటే ఇచ్చి చూసింది నాకు కనబడలేదు. 'మనుషులు' అన్న ఫిల్టరు మీదే ఆధారపడకుండా టైటిళ్లు చూసుకుంటూ వెళ్లాను. ఎందుకంటే ఆ ఫిల్టరు పెడితే విషయ సూచికలు, అంటే పేపరు దేని గురించో చెప్పే గుర్తు మాటలు, ఇంకా పడని కొత్త పేపర్లు కనబడవు.

పనికొచ్చేవి ఇరవై మూడు టిక్కు పెట్టి క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే పబ్‌మెడ్‌లోనే తాత్కాలికంగా దాచుకునే చోటికి, పంపాను. అప్పటికి తొమ్మిదిన్నర. పొద్దున్నే ప్రింటు తీద్దామని కంప్యూటరు అలాగే వదిలేసి పడుకున్నాను. ఆరున్నరకు కాఫీ తెచ్చుకుని కూర్చుంటే క్లిప్‌బోర్డ్ ఖాళీ! వెతికిన హిస్టరీ కూడా లేదు. ఎనిమిది గంటలు కదలకుండా వదిలేస్తే రెండూ చెరిగిపోతాయి. ఇదీ నేను క్లాసులో చెప్పేదే. నవ్వుకోండి, ఫర్వాలేదు.

నన్ను గట్టెక్కించింది ఒక పాత కరెంటు బిల్లు. దాని వెనక రాత్రి నేను కొట్టిన మాటలన్నీ బ్రాకెట్లతో సహా రాసి పెట్టుకున్నాను, మూల మీద తేదీ వేసి. మా సీనియర్ గారు నేర్పిన అలవాటే. దాన్ని చూసి మళ్లీ కొడితే రెండు నిమిషాల్లో అదే జాబితా వచ్చింది. ఈసారి 'సేవ్' నొక్కి ఫైలుగా దించుకున్నాను, ఇంకో కాపీ మెయిల్‌కి పంపుకున్నాను.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకి ఒక పీజీ కుర్రాడి సంగతి చెబుతాను. థీసిస్ ఇంకో నెలలో ఇవ్వాలి. గైడ్ అతన్ని "ఈ అరవై పేపర్లు ఎలా ఎంచావు, మిగతావి ఎందుకు వదిలేశావు" అని అడిగారు. పెన్‌డ్రైవ్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఫైళ్ల పేర్లు మెయిన్, మెయిన్ ఒకటి, మెయిన్ రెండు, అలా నలభై దాకా. ఏ మాటలతో వెతికాడో గుర్తు లేదు, ఏ ఫిల్టర్లు పెట్టాడో గుర్తు లేదు. పాపం, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి వెతికితే, అతని దగ్గరున్న వాటిలో చాలా వచ్చాయి, కొన్ని రాలేదు, అతను చూడని మంచి పేపర్లు కొన్ని వచ్చాయి. మూడు రోజులు పట్టింది. మొదటి రోజే ఉచిత అకౌంటు తెరిచి ఆ వెతుకులాటను సేవ్ చేసుకుని ఉంటే మూడు నిమిషాలు పట్టేది. అకౌంటు తెరిచినవాళ్లూ ఊరుకోకూడదు. 2021 జూన్‌లో పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డు పద్ధతి తీసేసి గూగుల్ వంటి వాటితో లాగిన్ కమ్మన్నారు. పాత అకౌంటును కొత్త లాగిన్‌తో ముందుగా కలుపుకోనివాళ్లు "మేడమ్, నేను దాచుకున్నవేవీ" అని నాకు ఫోన్లు. అప్పటికి నేను రిటైరైపోయాను కూడా.

ఇంత సోది ఎందుకంటే, వెతకడం ఇప్పుడు ఎవరికైనా వచ్చు. ఏం వెతికామో, ఏది దొరికిందో ఇంకొకరు సరిచూసుకునేలా రాసిపెట్టడమే ఎవరికీ పట్టదు. పీజీ కుర్రాడికి పట్టలేదు, ఆ రాత్రి నాకు పట్టలేదు, మన పత్రికలకూ పట్టడం లేదు. కుర్రాడి థీసిస్‌తో పోయేది ఒక డిగ్రీ. మీరు వేసే నాలుగు పేరాలు మా ఉద్దానంలో ఎన్ని వంటింటి గోడలకు అంటించి ఉంటాయో మీకు తెలియదు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. పబ్‌మెడ్‌లో ప్రతి పేపరుకూ ఒక నంబరు ఉంటుంది, పీఎంఐడీ అంటారు. ఇప్పుడు వస్తున్న వాటికి ఎనిమిది అంకెలు. ఆ అంకెలు పెట్టెలో కొడితే తిన్నగా ఆ పేపరే తెరుచుకుంటుంది. స్పెల్లింగు గొడవ లేదు, బ్రాకెట్లు లేవు. "అధ్యయనంలో వెల్లడి", "పరిశోధకులు తేల్చారు" అని వార్త వేసిన ప్రతిసారీ కింద ఆ నంబరు వేయండి. దాని పక్కనే మనుషుల మీదా ఎలకల మీదా అన్నది ఒక్క మాటలో రాయండి. నంబరు లేని వార్త అయితే, అంటే ఏదో సభలో ఎవరో చెప్పింది అయితే, "ఇంకా పేపరుగా రాలేదు" అని అదే చెప్పండి. పాఠకులకు ఇంగ్లీషు రాదు కదా అంటారేమో. మా ఊళ్లో ఇంటికొక డిగ్రీ చదివిన పిల్ల ఉంది. ఆర్‌ఎంపీ డాక్టరు ఉన్నాడు, పీహెచ్‌సీలో నర్సమ్మ ఉంది. నంబరుంటే వాళ్లలో ఒక్కరైనా చూస్తారు. లేకపోతే చూద్దామన్నా దారి లేదు.

నంబరుతో ఇంకో లాభం ఉంది. వెనక్కి తీసుకున్న పేపరైతే, తెరవగానే ఆ సంగతి పైనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020 మే 22న హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో ఒక పేపరు వచ్చింది, గుర్తుండే ఉంటుంది. కరోనా రోగులకు ఆ మందు హాని చేస్తోందని దాని సారాంశం. మూడు రోజులకల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు ఇవ్వడం తాత్కాలికంగా ఆపింది. డేటా ఎక్కడిదో చూపించమంటే చూపించలేకపోయారు. జూన్ 4న పేపరు వెనక్కి తీసుకున్నారు, రెండు వారాలు కూడా నిండలేదు. పత్రిక కటింగ్ మీద మాత్రం ఆ ముక్క ఎవరూ వచ్చి రాయరు. అది అలా గోడ మీద ఉండిపోతుంది.

డబ్బు కట్టి చదవాల్సిన పేపర్ల సంగతి మాత్రం మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కేంద్రం 2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలుపెట్టింది, మూడేళ్లకు 6,000 కోట్లు. దాదాపు పదమూడు వేల జర్నళ్లు ప్రభుత్వ కాలేజీలకు, పరిశోధన సంస్థలకు అందుతాయి. మా కాలంలో ఇలాంటిది ఉంటేనా! కానీ మావాడిలాంటి బయటివాళ్లకు అది లేదు, సారాంశంతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక ఉద్దానం గురించి రాసే మీ విలేకరులకు నా తరఫున ఒక మాట. ఒక్క 'ఉద్దానం' అని వెతికి ఊరుకోకండి. కారణం తెలియని ఈ కిడ్నీ జబ్బును ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు. పొట్టిగా 'సీకేడీయూ' అంటారు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో వచ్చేదాన్ని మీసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు వస్తోంది. ఇవన్నీ కలిపి 'ఆర్' పెట్టి వెతికితే, మన జీడి తోటల్లో పనిచేసేవాళ్ల గోడు అక్కడి చెరకు తోటల్లోనూ ఉందని కనిపిస్తుంది. నేను ఆ వెతుకులాటను అకౌంటులో సేవ్ చేసి వారానికోసారి మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. కొత్తగా ఏమీ రాకపోతే మెయిల్ రాదు. వచ్చిన రోజు మాత్రం పత్రిక కంటే ముందు అదే చదువుతాను.

మా బావగారి సంగతి చెప్పలేదు కదూ. ఇరవై మూడు పేపర్లలో ముఖ్యమైనవి ఐదు ఎంచి, ఒక్కో దాని కింద నంబరు, "ఎలకలు" లేదా "మనుషులు, మందులు కలిపి" అని తెలుగులో రాసి, ఒక్క పేజీ చేసి పంపాను. డయాలసిస్‌కి వెళ్లినప్పుడు మావాడు దాన్ని డాక్టరు గారికి చూపించాడు. ఆయన నిలబడే చదివి, రసం ఎన్నాళ్లుగా తాగుతున్నారని అడిగి, పొటాషియం పరీక్షకు రాశారు. రిపోర్టులో ఎక్కువే వచ్చింది. రసం ఆపమన్నారు. బావగారికి నా మీద కోపం. "లైబ్రరీ ఆవిడకి ఆకులేం తెలుసు" అన్నారట. అక్క చెప్పింది. కటింగ్ మాత్రం ఇంకా వంటింటి గోడ మీదే ఉంది, దాని పక్కన నా పేజీ కూడా అంటించారట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ కాలేజీ లైబ్రేరియన్,
విశాఖపట్నం